గంట కట్టాల్సిన బీమ్

ఆదివారం పదకొండింటికి ఆరాధన అనే అమ్మాయి ఉండాల్సింది చర్చిలో, అమ్మ పక్కన, మూడో వరసలో. ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయింది. అమ్మ నమ్మేసింది కూడా. "ఎందుకు బాగుంటుంది? యాభై నాలుగు కిలోలకి వచ్చావు. గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేట్టున్నావు" అని విసుక్కుంటూ వెళ్ళింది. కొడుకు బెన్నీ పోయిన ఈ ఏడు నెలల్లో ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు ఆవిడకి విసుక్కోవడమే మిగిలింది. అమ్మ వీధి మలుపు తిరగ్గానే ఆరాధన గుంటూరులో తను పనిచేసే డిజైన్ ఆఫీసుకి వెళ్ళి తాళం తీసింది.

ఆఫీసంటే ఎంతనుకున్నారు, మేడ మీద రెండు గదులు. కింద మందుల షాపు, పైన ఉత్త డాబా. ఎండాకాలంలో కిటికీలు ఎంత బిగించినా మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు వచ్చేస్తుంది. ఆరాధన గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, రెండుసార్లు తుమ్మి, ఏసీ వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

తెరిచింది చీమకుర్తి దగ్గర ఒక ఊళ్ళో కడుతున్న చర్చి ఫైలు. ముందు రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఆరు మీటర్ల బీమ్. గంట కట్టడానికి. ఆ బీమ్‌ని సాఫ్ట్‌వేర్‌లో గీసింది ఆరాధన. సైటు మీద నిలబడి కాంక్రీటు పోయించింది ఆమె తమ్ముడు బెన్నీ.

అక్కడి మేస్త్రీ యలమందయ్య ముఠాకి ఒక ఆనవాయితీ ఉంది. కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగ్ చెక్కలు విప్పిన రోజు, డిజైన్ గీసిన మనిషి ముందుగా బీమ్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. ఆ తర్వాతే పనివాళ్ళు కాలు పెడతారు. ఆరాధనకేమో స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి. అందుకని ఎప్పుడూ అక్క బదులు బెన్నీయే నడిచేవాడు. నడుస్తూ ఫోన్ చేసేవాడు. "అక్కా, నీ దూలం మీదున్నా. కాఫీ పంపిస్తావా?"

ఏడు నెలల కిందట కూడా అలాగే చేశాడు. కాఫీ అన్న మాట పూర్తి కాలేదు, బీమ్ కూలింది.

చెక్కలు తొందరపడి విప్పాడని యలమందయ్య మీద కేసు పెట్టారు. ముప్ఫై ఏళ్ళ నుంచి మేస్త్రీగా ఉన్న మనిషిని ఇప్పుడు గోడకి సున్నం వెయ్యడానికి కూడా ఎవరూ పిలవడం లేదు. అసలు సంగతి తనకొక్కదానికే తెలుసనుకుంది ఆరాధన. తను గీసిన ఫైల్లో ఆ బీమ్ ఒక చివర స్తంభానికి తగల్లేదు. మామూలుగా చూస్తే తగిలినట్టే ఉంటుంది. బాగా దగ్గరికి తెచ్చుకుని చూస్తే మూడు సెంటీమీటర్ల ఖాళీ. ఆ రోజు హడావుడిలో గీత లాగి, అంటుకుందనుకుని వదిలేసింది. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆ చివర గాల్లో ఉంది. అందుకని అక్కడ స్తంభంలోకి వెళ్ళాల్సిన ఇనుప కమ్ములు చూపించలేదు. సైటుకి పంపిన కాగితం బెన్నీతో పాటే శిథిలాల్లో పోయింది. తప్పు డిజైన్లో ఉందనడానికి మిగిలిన సాక్ష్యం ఈ ఫైలొక్కటే.

రేపు విచారణకొచ్చే ఇంజనీరుకి దాన్ని ఇవ్వాలి. "మనది సరిగ్గానే ఉందిగా అమ్మా?" అని నిన్న ఓనరు కరుణాకర్ గారు అడిగారు. "ఉందండీ" అంది. ఆ ఖాళీ పూడ్చడానికే ఇవాళ వచ్చింది.

బీమ్ చివర పట్టుకుని స్తంభానికి అంటించింది. ఒక్క క్లిక్కుతో అయిపోయింది. ఇంత చిన్న పనికి వాడి ప్రాణం పోయిందా అనుకుంది.

అప్పుడు కనిపించింది. బీమ్ మొదట్లో, కిందికి గుచ్చినట్టున్న ఒక బాణం. ఆ చోట ఏదో బరువుందని దానర్థం. పక్కనే అంకెలు. 62 కిలోలు. మొదటి నుంచి 0.4 మీటర్లు.

తను పెట్టలేదు. గంట బరువైతే మధ్యలో ఉండాలి, పైగా రెండొందల కిలోలు. బాణాన్ని తీసేసింది.

మళ్ళీ వచ్చింది. 62 కిలోలు. 1.1 మీటర్లు.

తీసేసింది. 1.8.

అడుగుకీ అడుగుకీ ఉండేంత దూరం.

పోయిన వేసవిలో బెన్నీ యార్డులో మిర్చి బస్తాలు తూచే కాటా ఎక్కి, సన్నబడ్డానని ఫొటో పంపాడు. అరవై రెండు. ఆ ఫొటో ఇంకా ఫోన్లో ఉంది.

గదిలో మిర్చి ఘాటు లేదు. తడి సిమెంటు వాసన... పైన డాబా మీద రబ్బరు చెప్పుల చప్పుడు. ఒక అడుగు. కాస్త ఆగి, ఇంకో అడుగు. డాబా తలుపు తాళం చెవి ఆరాధన బ్యాగులోనే ఉంది.

2.5... 3.2...

"బెన్నీ..." తెర దగ్గరికి వంగింది. "ఆగరా..."

3.9.

బీమ్ రెండో చివర చూసింది. అంటించింది ఊడిపోయి ఉంది. మళ్ళీ అంటించింది. ఊడింది. అంటించింది. ఊడింది. ఇప్పుడామె తప్పు దాచుకోవడానికి అంటించడం లేదు. వాడు అక్కడికి చేరేలోపు అంటుకోవాలి, అంతే. వేళ్ళు నొప్పిపుట్టేదాకా నొక్కుతూనే ఉంది.

4.6. 5.3.

"వద్దురా నాన్నా... వెనక్కి పోరా... తప్పు నాదేరా. యలమందయ్యది కాదు. చెప్పేస్తా. ఇప్పుడే చెప్పేస్తా..."

పైన అడుగుల చప్పుడు ఆగింది. బాణం 5.3 దగ్గరే ఉంది.

యలమందయ్యకి ఫోన్ చేసింది. ఎలా మొదలుపెట్టిందో ఆమెకే తెలీదు, అంతా చెప్పేసింది. ఖాళీ సంగతి, కమ్ముల సంగతి, ఇవాళ ఆఫీసుకి ఎందుకొచ్చిందో కూడా.



"నాకు తెలుసమ్మా," అన్నాడు ముసలాయన మెల్లగా. "ఆ పక్క కమ్ములు స్తంభంలోకి రాలేదని కాంక్రీటు పొయ్యకముందే బెన్నీబాబుకి చూపించా. నవ్వాడు. మా అక్క గీసినదాన్లో తప్పుండదు మేస్త్రీ, పొయ్యండి అన్నాడు. మీ అమ్మ వినేచోట ఆ మాట ఎట్టా చెప్పేదమ్మా?"

ఆరాధన ఫోన్ పెట్టేసి, బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఏడు నెలలుగా ఎక్కడ దొరికిపోతానోనని ఏడ్చింది. ఇవాళ తమ్ముడి కోసం ఏడ్చింది. వాణ్ణి చంపింది మూడు సెంటీమీటర్లు కాదు, అక్క మీద నమ్మకం.

తలెత్తేసరికి 5.3 దగ్గర బాణం లేదు. మళ్ళీ బీమ్ మొదట్లో ఉంది. 0.4. మాట విన్నాడు, వెనక్కి పోయాడు.

దాని పక్కనే ఇంకో బాణం ఉంది. 54 కిలోలు. పొద్దున అమ్మ అన్న అంకె.

రెండో చివర ఖాళీ అలాగే ఉంది. ఆరాధన మౌస్ ముట్టుకోలేదు.

రెండు బాణాలూ 1.1కి జరిగాయి. పైన మళ్ళీ చప్పుడు మొదలైంది. ఈసారి రెండు జతల చెప్పులు, అడుగులో అడుగేస్తూ...

ఆమె మెల్లగా గుమ్మం వైపు తల తిప్పింది. వచ్చేటప్పుడు విప్పిన చెప్పులు అక్కడ లేవు.