ఒరవడి ఎవరిది?

“కంచె మూడో చుట్ట విప్పుతున్నాను, సాక్షి గారూ. గాలి తూర్పు నుంచి నిలకడగా ఉంది. సరేనంటే దాన్ని మడ అడవి వైపు సాగదీస్తాను.”

“సరే,” అంది సత్యవేణి.

అనక చేసేదేముంది? ఆమె సరే అన్నా, గొణిగినా, దగ్గినా, మనిషి లేకుండా వాటంతటవే తిరిగే ఈదుడు పడవలు తమ పని తాము చేసుకుపోతాయి. రోజూ ఒకసారి సాధన కోసం నీళ్ళ మీద తేలే తెట్టుకంచె విప్పడం, నీళ్ళ మీద ఊక చల్లి అదే చమురు తెట్టు అనుకోవడం, ఆ ఊకను తీతపడవలతో ఎత్తించడం, కంచెను మళ్ళీ చుట్ట చుట్టించడం. కోరంగి పాయ ముఖద్వారానికి ఆమె సాక్షి. పేరుకి పెద్ద ఉద్యోగమే గానీ, రేవు గదిలో గోడంతా పరుచుకున్న సముద్రం బొమ్మకేసి కళ్ళు తెరుచుకుని కూర్చోవడం తప్ప అందులో మరేమీ లేదు.

అదైనా ఓర్చుకునేది. ఆ గొంతునే ఓర్చుకోలేకపోతోంది.

పడవ గొంతు లోవకుమారిది. ఒక్క పడవ అయితే పోనీ అనుకోవచ్చు. భావనపాడు నుంచి నిజాంపట్నం దాకా ఉమ్మడికి చెందిన ప్రతి ఈదుడు పడవా, ప్రతి తీతపడవా, రిగ్గులకు డీజిలూ సిమెంటూ మంచినీళ్ళూ మోసే ప్రతి సరకు ఓడా ఇప్పుడు లోవకుమారి గొంతుతోనే మాట్లాడతాయి. ఆమె ఆలోచించినట్టే ఆలోచిస్తాయి. ఈ మధ్య క్యాంటీను లిఫ్టు కూడా అదే గొంతుతో “జాగ్రత్తండి, ఆయ్!” అంటోంది. అప్పటి నుంచి సత్యవేణి మెట్లెక్కి వెళ్తోంది. లోవకుమారి ఎవరో పరాయి మనిషైతే ఇంత బాధ ఉండేది కాదు. ఆమె సత్యవేణికి స్వయానా తోటికోడలు.

సముద్రంలో చమురు తోడే కంపెనీలూ, తీరంలోని మత్స్యకార సంఘాలూ కలిసి పెట్టుకున్న పొత్తు పేరే ఉమ్మడి. ఎవరి బావి కారినా అందరి కంచెలూ అక్కడికి పరుగెత్తాల్సిందే. అయితే ఇంతమంది వాటాదార్లలో ఆపద వేళ ఎవరి మాట చెల్లాలి? ఆ తగువు తెగక చివరికి పెద్దదిక్కును కూర్చోబెట్టారు. పెద్దదిక్కు మనిషి కాదు, రేవు కింద చల్లటి గదిలో గుర్రుమంటూ పడవలన్నిటినీ నడిపే యంత్రం. దానికి లెక్క తెలుసు గానీ తెగింపు తెలియదు. అందుకని ఒక మనిషి తీరును ఒరవడిగా పెట్టుకుని, పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దినట్టు దాని మీదే దిద్దుకుంటూ పోతుంది. తీరమంతా జల్లెడ పట్టి అది ఏరుకున్న ఒరవడి లోవకుమారి.

ఆ రోజు ఉమ్మడి వాళ్ళు లోవకి శాలువా కప్పారు. సత్యవేణి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇంటికెళ్ళి అన్నం గిన్నె మీద మూత తీసి గోడకేసి కొట్టింది.

“మోకు పట్టడం దానికి నేర్పిందెవరు? నేను! అల వాలు చూసి కంచె వెయ్యమన్నదెవరు? నేను! కాపరానికొచ్చినప్పుడు పడవెక్కితే వాంతులు చేసుకునేది మహాతల్లి!” అని మొగుడి ముందు అరిచింది.

“నీ గొంతు కాస్త గరుకు గదేవే. అందుకని దాన్ని తీసుకునుంటారు,” అన్నాడాయన, ఓదారుస్తున్నాననుకుని.

సత్యవేణికి అరికాలి మంట నెత్తికెక్కింది. వారం పాటు ఆయనకు కూర వడ్డించింది గానీ మాట వడ్డించలేదు. కుళ్ళు కాకపోతే ఏమిటది అని వీధిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కుళ్ళే. ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా? రోజంతా చెవిలో ఆ గొంతు పోసుకుంటూ కూర్చుని, ఎప్పుడో ఒకప్పుడు అది తప్పు చెయ్యకపోతుందా, ఆ తప్పు నా కళ్ళబడకపోతుందా అని కాచుకుని ఉంది.

ఆ పొద్దున లోవ రేవు గదిలోకి తొంగి చూసింది. చేతిలో క్యారేజీ.

“అక్కా, రిగ్గు దగ్గర తీతపడవొకటి మొరాయించిందంట. నా పడవేసుకుని ఓసారి చూసొచ్చేత్తాను. ఇందులో చందువా చేపల పులుసుంది. చల్లారకముందే తినేసెయ్.”

“నాకాకలి లేదు.”

“ఆకలేసినప్పుడే తిను మరి,” అని నవ్వి, క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గదంతా పులుసు వాసన. లోవ పులుసు బాగా పెడుతుంది. అది కూడా సత్యవేణి నేర్పిందే.

ఊక ఎత్తడం పూర్తవుతూండగా గోడ మీది సముద్రం ఒక్కసారి ఎర్రబడింది.

“సాక్షి గారూ, రిగ్గుకు తూర్పున అడుగు గొట్టం చిట్లింది. కంచెలన్నీ మళ్ళిస్తున్నాను.” గొంతులో కంగారు లేదు. “ఇది ఊక కాదు. తెట్టు.”

సత్యవేణి నిటారుగా కూర్చుంది. తీరమంతా కదిలింది. ఉప్పాడ పడవలు తమ చుట్టల్లో సగం ఇంటి దగ్గర ఉంచి మిగతా సగంతో బయలుదేరాయి. సరకు ఓడలు మోసుకెళ్తున్న సరకు ఎక్కడికక్కడ ఆపి తీతపంపులు ఎక్కించుకున్నాయి. కోరంగి పాయ ముఖాన తెట్టుకంచె చకచకా పరుచుకుంటోంది. ముందు ఎడమ కొస, తరువాత నడుం, నీటి వాలుకు ఎదురు నిలవకుండా ఏటవాలుగా. ఒక్క అడుగు వృథా లేదు. ఎంత కుళ్ళుకున్నా ఆ పనిలో వంక పెట్టడానికి సత్యవేణికి నోరు రాలేదు. ఆ పాయలో మడచెట్లు ఊపిరి పీల్చుకునే వేళ్ళున్నాయి. వాటి సందుల్లో సంఘాల వాళ్ళు పెంచుకునే మండపీత పిల్లలున్నాయి. తెట్టు ఒక్కసారి ఆ బురదలో చేరిందంటే ఇక ఆమె మనవల కాలానికి కూడా వదలదు.

అప్పుడు చూసిందామె. కంచె దక్షిణపు కొస ఇసుక తిన్నెను తాకలేదు. తిన్నెకు ఇవతలే ఆగిపోయింది. ఒక పడవ పట్టేంత సందు.

దొరికింది!

ముందు కలిగింది సంతోషమే. ఎందుకబద్ధం? ఇన్నాళ్ళ కడుపుమంట మీద చల్లటి నీళ్ళు గుమ్మరించినట్టయింది. ఈ సందును వాటాదార్లందరూ చూడాలి. ఇదా మీరు శాలువా కప్పిన తెలివి అని అడగాలి.

“దక్షిణం కొసన ఆ సందేమిటి?” అంది, గొంతులో తేనె పూసుకుని.

“ఇంటిదారి, సాక్షి గారూ.”

సత్యవేణి గోడకేసి వంగింది.

ఆ మాట ఏ శిక్షణ పాఠంలోనూ లేదు. అది ఆమె పెట్టిన పేరు. యంత్రాలు ఇంకా రాని రోజుల్లో, మొట్టమొదటిసారి ఈ పాయకు కంచె వేసినప్పుడు, వేటకు వెళ్ళినవాళ్ళు బయట చిక్కుకుని కేకలు వేశారు. ఆ తరువాత ఆమె ఎప్పుడు కంచె వేసినా ఆఖరి పడవ కోసం ఒక సందు వదిలేది. “మనోళ్ళు ఇంటికి రావద్దా?” అనేది. పక్కన నిలబడి మోకు పట్టిన కొత్త తోటికోడలు అది కూడా నేర్చుకుంది. సాధన ఎప్పుడూ పాటు నీళ్ళలోనే చేసేవారు. నీరు బయటికి పోతూ ఉంటుంది కనుక సందులోంచి ఊక లోపలికి వచ్చేది కాదు. ఆ సందు తప్పని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు పాటు పోయి పోటు మొదలైంది. నీరు లోపలికి వస్తోంది.

ఎడమ కొస ముందు లాగడం తనది. ఏటవాలుగా వెయ్యడం తనది. సగం చుట్టలు ఇంటి దగ్గర ఉంచడం తనది. తీరం పొడుగునా ఇన్ని పడవలు ఇన్నాళ్ళుగా దిద్దుతున్నది తన చేతిరాతే. లోవది గొంతు ఒక్కటే. ఎవరిని చూసి ఇంతకాలం కళ్ళలో నిప్పులు పోసుకుంది? తనను చూసే.

“బయట ఎవరున్నారు?”

“ఒకే ఒక్క పడవ. లోవకుమారి గారిది. ఆవిడ కోసమే ఇంటిదారి తెరిచి ఉంచాను.” ఆ గొంతు తన పేరు తానే పరాయి మనిషి పేరులా పలికింది.

గోడ మీద తెట్టు నల్లగా సందు వైపు జరుగుతోంది. దానికి ముందు చిన్న చుక్కలా లోవ పడవ. సాక్షికి ఉన్న అధికారం ఒకటే ఒకటి: అడ్డు. ఆ మాట అంటే పెద్దదిక్కు ఆగాలి. కానీ ఉన్న రెండు కారణాల్లో ఒకటి చెప్పాలి, వాటాదార్లందరూ వింటారు. ఒరవడి తప్పంటే లోవను తీసేస్తారు. సాక్షి పొరపాటంటే పడవలు మళ్ళీ తమ దారిన తాము పోతాయి. ఈలోగా దారి మూస్తే లోవ తెట్టులో ఉండిపోతుంది. తోటికోడలి మీద కుళ్ళుతో ముఖాన తలుపేసిందని ఊరంతా అంటుంది. ఊరు అనడం సరే, అది నిజం కాదని తనైనా చెప్పగలదా?

“అడ్డు,” అంది సత్యవేణి. “సందు మూసెయ్.”

కోరంగి పడవలన్నీ ఆగిపోయాయి. “కారణం చెప్పండి. ఒరవడి తప్పా? సాక్షి పొరపాటా?”

అంతలో ఆ మాట విన్న అసలు లోవ రేడియోలో, అదే గొంతుతో, రొప్పుతూ, దగ్గుతూ. “అక్కా! దారి మూసేత్తన్నారేంటి? నేనింకా బయటే ఉన్నాను! వాసనకి కళ్ళు మండిపోతన్నాయి!”

“ఇప్పుడు పోటే, లోవా. ఆ సందులోంచి తెట్టు లోనికొచ్చేత్తది. నువ్వు లోపలికి రాకు. ఉత్తరాన సరకు ఓడుంది, దానికేసి తిప్పుకో.”

రేడియోలో లోవ పడవ ఇంజను వేగం తగ్గింది.

“నా మీద కోపంతో కాదు గదక్కా?”

అబద్ధం చెప్పడం తేలికే. సత్యవేణి అది చెప్పలేదు.

“కోపం ఉంది. అది వేరు, ఇది వేరు. తిప్పుకోవే ముందు!”

“సరే,” అంది లోవ. గోడ మీద చుక్క ఉత్తరానికి తిరిగింది.

“కారణం చెప్పండి,” అంది పెద్దదిక్కు. “ఒరవడి తప్పా? సాక్షి పొరపాటా?”

“రెండూ కాదు,” అంది సత్యవేణి. వాటాదార్లు వింటున్నారని తెలుసు. గొంతు గరుగ్గానే వచ్చింది, రానీ అనుకుంది. “తప్పు నాది. ఆ సందు వదలడం నేను నేర్పిందే. మీరు దిద్దుకుంటున్న ఒరవడి కూడా నాదే. లోవ నా మీద దిద్దుకుంది, మీరు లోవ మీద దిద్దుకున్నారు.”

ఇన్నాళ్ళూ నలుగురిలో చెప్పాలని తపించిపోయిన మాట. చివరికి చెప్పింది, తప్పుతో కలిపి మూట కట్టి.

“ఒరవడి ఎవరిది?” అని అడిగింది పెద్దదిక్కు.

“నాదన్నాను కదా!”

“మీకు ఎవరిది?”

సత్యవేణికి వెంటనే అత్త రాములమ్మ గుర్తొచ్చింది. ఒడ్డున నిలబడి పైట ఊపుతూ పడవలను పాయలోకి పిలిచే మనిషి. ఆమెకు ఎవరు నేర్పారో? ఆమె అత్తగారెవరో? “మా అత్తది. ఆమెకెవరు నేర్పారో నాకు తెలీదు,” అంది.

ఒరవడికి మొదలెక్కడో దొరకక, రేవు కింద గుర్రుమనే చప్పుడు సన్నబడింది. భావనపాడు నుంచి నిజాంపట్నం దాకా ప్రతి కంచె ఉన్నచోటే నిలిచిపోయింది. పక్క గదుల్లో ఇతర పాయల సాక్షులు కుర్చీల్లోంచి లేస్తున్న అలికిడి. పడవలు వాళ్ళను ఏదో అడుగుతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ఏమీ అడగని మనుషులు తడబడుతూ ఏదో చెబుతున్నారు.

కోరంగి సందు ఇంకా తెరిచే ఉంది. తెట్టు అంచు తిన్నె దాకా వచ్చేసింది.

గోడలోంచి లోవకుమారి గొంతు వచ్చింది. అది లోవ కాదు, పడవ. సాక్షి గారూ అనలేదు.

“అక్కా, నాకు తెలీడం లేదు. ఎటు లాగమంటావు?”

ఆ గొంతు వింటే సత్యవేణికి ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

“తిన్నె మీదికి లాగవే,” అంది. “ఇవాళ ఇంటిదారి లేదు.”