అతికించిన మౌనం

పొద్దున్నే వంటింట్లో గిన్నెల చప్పుడు విని చిట్టి లేచి వచ్చేసరికి, నాన్న స్టవ్ ముందు నిలబడి పాలు కాస్తున్నాడు. సగం పాలు అప్పటికే పొంగి గట్టు మీదికి పారాయి. సర్వే శాఖలో ఊళ్లకు ఊళ్లు కొలిచి రిటైరైన ఆ పెద్దమనిషికి సొంత ఇంట్లో టీపొడి డబ్బా ఎక్కడుంటుందో తెలియదు.

"ఇదేం చోద్యం నాన్నా? అమ్మ ఏదీ?"

"పడుకోనీ. ఇన్నేళ్లు చేసింది చాల్లే," అన్నాడు ఆయన తల తిప్పకుండానే.

చిట్టి నవ్వేసి ఊరుకుంది. ఆమె కాళ్లు నేల మీద లేవు. రేడియో కోసం ఆమె చేసిన డాక్యుమెంటరీ నిన్న సాయంత్రం ప్రసారమైంది. ఇష్టమైన ఉద్యోగాలు మానుకున్న ఆడవాళ్ల కథ అది. అందులో అమ్మ కూడా ఉంది. అమ్మ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయితే ఆ ఉద్యోగం మానేసి ఆయన వెంట వచ్చేసింది. "నాన్నతో వచ్చేసినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా?" అని చిట్టి అడిగితే, అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడదు. తర్వాత "లేదే" అంటుంది. అక్కడ కళ్లు తుడుచుకోని వాళ్లు లేరని ప్రోగ్రాం హెడ్ ఫోన్ చేసి మరీ ఆకాశానికెత్తేశాడు. ఇవాళ సాయంత్రం మళ్లీ వేస్తున్నారు. పోటీకి కూడా పంపుతున్నారు.

అమ్మ వచ్చి స్టవ్ చూసి నెత్తి కొట్టుకుంది. "ఎవరు చేయమన్నారండీ మిమ్మల్ని? ఒక పనికి రెండు పనులయ్యాయి నాకు!"

నాన్న గుడ్డ తీసుకుని గట్టు తుడవసాగాడు. తుడుస్తూనే అన్నాడు. "నువ్వు మీ అక్క దగ్గరికి వెళ్లి కొన్నాళ్లుండు. బాగుందనిపిస్తే అక్కడే ఉండిపో. నేనేమీ అనుకోను."

అమ్మ ముఖం పాలిపోయింది. "అంటే? ఈ వయసులో నన్ను పంపించేస్తారా? నేనేం తప్పు చేశానని?"

"తప్పు నీది కాదు, నాది. నిన్న విన్నానుగా. అంతసేపు ఆలోచించి 'లేదే' అన్నావు. దాని అర్థం నాకు తెలీదా? ట్రాన్స్‌ఫర్ అనగానే నిన్ను వెంటబెట్టుకుని వచ్చేశాను. వస్తావా అని మాటవరసకైనా అడగలేదు."

"నేను ఆలోచించానా? వెంటనే చెప్పానండీ! నవ్వాను కూడా. నిన్న అక్కడ చప్పుడు ఆగిపోతే, మన రేడియో చెడిపోయిందేమో అనుకున్నాను. ఏమే చిట్టీ, నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా, చెప్పవే మీ నాన్నకి!"

సిగ్నల్ ఆగిందని చెబితే ఇద్దరూ నమ్మేస్తారు. ఆ మాట చిట్టి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గుడ్డ పట్టుకుని నిలబడ్డ నాన్నను చూశాక ఆ అబద్ధం చెప్పలేకపోయింది.

"ఆ మౌనం నేనే పెట్టాను," అంది చివరికి. "అమ్మ నవ్వు తీసేసి, ప్రశ్నకీ జవాబుకీ మధ్య అతికించాను."

"మౌనాన్ని అతికిస్తారా? ఎక్కణ్ణుంచి తెచ్చావే?" అంది అమ్మ.

"రికార్డింగు రోజు చివర్లో కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడొద్దన్నాను కదా. గదిలో ఉండే సద్దు విడిగా రికార్డు చేసుకుంటాం. కత్తిరించిన చోట అతుకు తెలియకుండా వేయడానికి."

నాన్న మెల్లగా తలెత్తాడు. "అవతలి గదిలో నేను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకున్నానే, నీ పని చెడిపోతుందని. అదేనా?"

"అదే నాన్నా."

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది చిట్టికి. ఆయన తనకోసం ఊపిరి బిగబట్టి ఇచ్చిన నిశ్శబ్దంతోనే ఆయన్ని దోషిగా నిలబెట్టింది. లోపలికి పరుగెత్తి లాప్‌టాప్ తెచ్చి, అసలు రికార్డింగు పెట్టింది.

"లేదే! ఏం బాధ?" అమ్మ గొంతు చటుక్కున పలికింది. గలగలా నవ్వింది. "కానీ..." అంది. వెంటనే చిట్టి గొంతు, "చాలమ్మా, బాగా వచ్చింది." అంతటితో ఆగిపోయింది.

నాన్న లాప్‌టాప్ వైపు వేలు చూపించాడు. "ఇది మాత్రం నువ్వు అతికించింది కాదని నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు. చెంపదెబ్బ తిన్నా చిట్టి అంత చిన్నబోయేది కాదు.

అమ్మ ముందుకు వచ్చి లాప్‌టాప్ మూసేసింది. "దీంతో పనేంటండీ, నేను మీ ఎదురుగానే ఉంటే? ఆ నవ్వు నాదే. ఆ 'కానీ' కూడా నాదే. తర్వాత ఏముందో అడగండి."

"ఏముంది?" అన్నాడు నాన్న భయంభయంగా.

"మీతో వచ్చినందుకు ఏ రోజూ బాధపడలేదు. కానీ ఉద్యోగం మానేసినందుకు ఏడ్చాను. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని, మీకు వినిపించకుండా. అదీ ఇదీ ఒకటి కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. ఇన్నాళ్లకు మన చిట్టి అడిగిందని నోరు విప్పబోయాను. ఇది మైకు తీసేసింది."

నాన్న ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "నన్ను క్షమించు," అన్నాడు. "మీ అక్క దగ్గరికి వెళ్లమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"మీరు తీసుకోకపోయినా నేను వెళ్లేదాన్నా ఏంటి!" అంది అమ్మ ముక్కు చీదుతూ.

చిట్టి తలెత్తలేకపోయింది. మనుషుల్ని వినడమే తన వృత్తి అని పదిమందిలో గొప్పలు పోయేది. అమ్మలో లేని బాధ తయారు చేయడంలో పడి, ఉన్న బాధను నోట్లోనే నొక్కేసింది. వాళ్ల ముందే ప్రోగ్రాం హెడ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"ఆ మౌనమే కదమ్మా దానికి ప్రాణం!" అన్నాడాయన.

"అది అమ్మది కాదు సార్. సాయంత్రం వేయకండి. పోటీకీ పంపకండి. నేను చేసింది శ్రోతలకి నేనే చెబుతాను."

అవతల ఆయన గొంతు మారింది. వెంటనే ఆఫీసుకు రమ్మని, అన్నీ కాగితం మీద రాసి తెమ్మని ఫోన్ పెట్టేశాడు.

"ఉద్యోగానికేం కాదు కదా?" అన్నాడు నాన్న.

"పోవచ్చు నాన్నా."

అమ్మ దగ్గరికి వచ్చి ఆమె జుట్టు వెనక్కి తోసింది. "ఇష్టమైన పని పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు చేసింది తప్పే. అయినా ఏడుపొస్తే నాలాగా తలుపు వేసుకోకు. నా దగ్గరికి రా."

చిట్టి అమ్మ భుజంలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మా నాన్నా ఆమెను మధ్యలో ఆపలేదు.