ఎడమకు లాగే బండి

ఉప్పు కొఠారు మలుపు దగ్గర ఎడమవైపు చూడకూడదు.

మైపాడు నుంచి నెల్లూరికి చీకట్లో బండి తోలే ప్రతివాడికీ మొదట నేర్పే పాఠం అదే. గేర్లు మార్చడం ఆ తర్వాత. కొఠారు రాకముందే లైట్లు ఆర్పెయ్యాలి. హారను ముట్టుకోకూడదు. నోరు విప్పకూడదు. గుడ్డి అంచనాతో మలుపు తిరిగి, సరుగుడు తోపు దాటాక మళ్లీ లైట్లు వేసుకోవాలి. వెలుతురు చూపిస్తే అది వెంటపడుతుందట…

అదంటే ఏది? ఎవరూ చెప్పరు. తెల్లదొరల కాలంలో ఉప్పు నిలవచేసిన కొఠారు అది. కాపలావాడొకడు లోపలే చచ్చిపోయాడని, తలుపు తీసేదాకా ఎవరికీ తెలియలేదని అంటారు. కప్పు ఎప్పుడో కూలింది. గోడలు ఉప్పు తిని, పెచ్చులూడి, మొండిగా నిలబడ్డాయి. దాని వెనక ఉప్పుకాలువ. ఈమధ్య కొన్నేళ్లుగా ఆ గట్టు మీద దీపం కూడా కనబడుతోందని చూసినవాళ్లు చెప్పారు. మనిషి ఉండదట. వట్టి దీపం… మోకాలెత్తున ఊగుతూ వస్తుందట.

పరంజ్యోతి ఇదంతా విని నవ్వినవాడే. అతనికి దెయ్యాల మీద కంటే తన పికప్పు బండి మీద నమ్మకం ఎక్కువ.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న బండ్లలో అదొకటి. చేతులు మారి మారి, చివరికి నెల్లూరులో ఒక షెడ్డు వెనక తుప్పు పట్టి పడివుంటే, యాభైతొమ్మిదిలో, మీసం సరిగ్గా రాని వయసులో కొన్నాడు. "నీళ్లలో మునిగిన బండిరా," అని షెడ్డువాడు దాచకుండానే చెప్పాడు. ఏ నీళ్లని పరంజ్యోతి అడగలేదు. ధర విన్నాక అడగాలనిపించలేదు.

ఆరేళ్లలో ఆ బండి మీద కోట నుంచి వడ్లు మోశాడు, అల్లూరు నుంచి ఇటుకలు మోశాడు, తన పెళ్లికి తనే తోలుకుపోయాడు. మైళ్ల మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నాలకు తిరిగిన రోజున భార్య ఎస్తేరమ్మ చేత పాయసం వండించాడు. ఏ రోడ్డు మీద గాలను పెట్రోలుకు ఎన్ని మైళ్లు వస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఇంజను రెండుసార్లు విప్పి కట్టించాడు. రేడియేటరు ఏదో లారీది. ఎడమ తలుపు కొబ్బరితాడుతో కట్టింది. వెనక బల్లలన్నీ కొత్తవి. కొన్ననాటి వస్తువు చూపించమంటే చూపించడానికి ఒక్కటే మిగిలింది — కిటికీ పక్కన బిగించిన ఇత్తడి బూర. దాని అంచు సొట్టపోయింది. రబ్బరు బుడ్డి పిసికితే, జలుబు చేసిన ముసలాయన ఎవరినో పిలిచినట్టు బొంగురుగా మోగేది. బండ్లు బాగుచేసే మేస్త్రి క్రీస్తురాజు ఎన్నిసార్లు పీకేద్దామన్నా ఇతను ఒప్పుకోలేదు.

అరవై అయిదులో మైపాడు చేపల పని దొరికింది. పగలు ఐసుతో పోవడం, పడవలు వచ్చాక గంపలెక్కించుకుని, మద్రాసు రైలు అందేలా రాత్రికి రాత్రి నెల్లూరు చేర్చడం. గంపలు ఎత్తడానికి పల్లె నుంచి ముత్యాలయ్య అనే యాభై దాటిన మనిషి తోడు. మొదటి రాత్రి కొఠారు దగ్గరపడుతుండగా అతను పరంజ్యోతి మోచెయ్యి పట్టుకున్నాడు.

"లైటార్పబ్బయా," అన్నాడు గుసగుసగా.

"ఆర్పితే రోడ్డెట్టా కనబడతాది?"

"దానికి మనం కనబడకూడదు. అందుకే ఆర్పేది."

"ఇంజను చప్పుడు వినబడదా దానికి?"

"ఎగతాళొద్దు. చెవుల సంగతి నాకు తెలవదు. పెద్దోళ్లు కళ్ల సంగతే చెప్పినారు."

ముసలాయన మనసెందుకు కష్టపెట్టాలని ఆర్పాడు. చీకటి ఒక్కసారిగా మీద పడింది. మలుపు అంచనాతో స్టీరింగు కుడికి తిప్పాడు… బండి తిరగలేదు.

స్టీరింగును ఎవరో అవతల నుంచి పట్టుకున్నట్టు ఎడమకు లాగింది. కొఠారు వైపు.

పరంజ్యోతి రెండు చేతులతో, భుజం కూడా ఆనించి, బలంగా తిప్పాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి దారికి వచ్చింది. తోపు దాటాక లైట్లు వేశాడు. తర్వాత ముత్యాలయ్య మెల్లిగా అన్నాడు — "ఎడమపక్క దీపం… నువ్వు చూళ్లేదు గదా?"

"లేదు," అన్నాడు పరంజ్యోతి. చూశాడు.

మర్నాడు రాత్రి కూడా లాగింది. ఆ మర్నాడు కూడా. సరిగ్గా అక్కడే. ఇంకెక్కడా కాదు.

క్రీస్తురాజు బండి కింద దూరి స్టీరింగు రాడ్లు విప్పాడు, చక్రాలు విప్పాడు, మళ్లీ బిగించాడు. ట్రంకు రోడ్డు మీద చేతులు వదిలేసి తోలి చూపించాడు. బండి తాడు పట్టి గీసినట్టు పోయింది. "దీంట్లో రోగం లేదబ్బా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "రోగం నీలో అన్నా ఉండాల, ఆ రోడ్డులో అన్నా ఉండాల."

ఆరేళ్లుగా ఆ బండి దగ్గితే ఎందుకు దగ్గిందో చెప్పగలిగినవాడు పరంజ్యోతి. ఇప్పుడు దాని పక్కన నిలబడితే, ఇంట్లో తెలియని మనిషి ఉన్నట్టుంది. పగలు ఐసుతో పోయేటప్పుడు ఆ మలుపులో ఏమీ లేదు. మామూలు రోడ్డు, ముళ్లపొదలు, ఉప్పుగడ్డి. దిగి చూద్దామని రెండుసార్లు బండి నెమ్మది చేశాడు. కాలు మాత్రం కిందికి దిగలేదు.

ఎస్తేరమ్మకు ఏడో నెల. పాస్టరుగారిని పిలిపించి బండి ముందు ప్రార్థన చేయించింది. అయినా ఆ రాత్రి లాగిందని మొగుడి మొహం చూసి కనిపెట్టింది.

"అమ్మెయ్," అంది.

"అమ్మి? మళ్లీ ఎవడి బండికో జీతానికి పోవాల్నా?"

"జీతగాడైతే ఇంటికన్నా వస్తావు. అది నిన్ను యాడికో తీసకపోవాలని చూస్తాంది. నువ్వు పోయినాక దాన్ని నేను తోలుకోవాల్నా?"

ఇందుకూరుపేట నుంచి ఒక కుర్రాడు చూడ్డానికి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, బానెట్టు నిమిరి, "ఏమన్నా రోగముందా అన్నా?" అని అడిగాడు. వెనకటికి తను నిలబడినట్టే నిలబడి అడిగాడు. పరంజ్యోతి రేడియేటరు మూత బిగిస్తూ ధర చెప్పాడు. ఆదివారం డబ్బుతో వస్తానని కుర్రాడు వెళ్లిపోయాడు.

శనివారం ఆఖరి ట్రిప్పు. సాయంత్రం నుంచే వాన. పల్లెలో గంపలెక్కించి, అలవాటుగా బూర నొక్కి బయలుదేరాడు. ఆ బొంగురు కేక వానలో చాలాదూరం పోయింది. ముత్యాలయ్య గోనెసంచి కప్పుకుని మునగదీసుకుని కూర్చున్నాడు.

కొఠారు వస్తోంది… లైట్లార్పాడు.

బండి ఎడమకు లాగింది. రోజూలాగే తిప్పాడు. ఈసారి బండి రాలేదు. చక్రాలు జారుతున్నాయి, ఎగరడం లేదు. దేనిలోనో ఇరుక్కుని ముందుకే పోతున్నాయి… కొఠారు గోడ పక్కనుంచి… గోడ వెనక్కి…

ఎదురుగా దీపం.

ఎప్పుడూ దూరంగా ఉండేది. ఇప్పుడు దారికి అడ్డంగా ఉంది. ఊగుతోంది. దగ్గరకొస్తోంది.

"చూడొద్దు… తొక్కు, తొక్కబ్బయా…" ముత్యాలయ్య గొంతు సంచిలోంచి వినబడింది.

పరంజ్యోతి కాలు యాక్సిలేటరు మీద బిగిసింది. ఆ క్షణంలో అతనికి ఎస్తేరమ్మ గుర్తు రాలేదు, ప్రార్థన గుర్తు రాలేదు. బానెట్టు నిమిరిన కుర్రాడి చెయ్యి గుర్తొచ్చింది. ఏమన్నా రోగముందా అన్నా? ఇదేమిటో చూడకుండా వాడికి అంటగట్టడమా… చావనీ, చూసే చస్తాను.

లైట్లు వేశాడు.

తడిసిన తెల్లచీర. చాచిన చెయ్యి. రెండో చేతిలో హరికేన్ లాంతరు.

బ్రేకు మీద నిలబడ్డాడు. గంపలన్నీ ముందుకొచ్చి వీపుకు గుద్దుకున్నాయి. బండి బురదలో దేకుతూ పోయి, ఆ మనిషి చెయ్యి బానెట్టుకు తగిలేంత దూరంలో ఆగింది.

ఆమె కదల్లేదు. అప్పుడు చూశాడు పరంజ్యోతి… ఆమె మడమల వెనక నేల లేదు. నల్లటి నీళ్లు వానకు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి.

"లైటేసినావు," అంది ఆమె. ఆయాసపడుతోంది. "ఇన్నేళ్లకు ఒకడు లైటేసినాడు."

దెయ్యాలకు ఆయాసం ఉండదు. పరంజ్యోతి దిగాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఆదిశేషమ్మను. గట్టు మీద మా పేట. ఇది పాతబాటబ్బయా. ఈడ కాలవ మీద కట్టె వంతెన ఉండింది. యాభైఎనిమిది వానలకు కొట్టకపోయింది. రోడ్డు కుడికి తిప్పేసినారు. బాట మాత్రం అట్నే ఉండాది. పల్లెకు పోయేటప్పుడు ఎనకనుంచి కలుస్తాది, కంటబడదు. వచ్చేటప్పుడు కనబడేదే. మీరు లైటార్పుకుంటే ఎట్టా కనబడతాది?"

లాంతరు కిందికి దించి నేల చూపించింది. బంకమట్టిలో రెండు లోతైన గాడులు, ఎండి బిగిసిపోయినవి, ఇప్పుడు వానకు నిండినవి. బండి చక్రాలు రెండూ వాటిలో అచ్చు పోసినట్టు కూర్చున్నాయి.

"అరవచ్చు గదమ్మా," అన్నాడు పరంజ్యోతి. "పిలిస్తే ఆగేవాణ్ణే."

"పిలిస్తే ఇంకా తొక్కుతారు." ఆమె లాంతరు కాలువ వైపు తిప్పింది. "మా ఆయన తొక్కినాడు."

పరంజ్యోతి ఆ నీళ్లలోకి చూశాడు.

"వంతెన పొయిన రాత్రి ఉప్పేసుకుని ఈ దోవనే వస్తా ఉన్నాడు జయరామయ్య. చెబదామని దీపం తీసుకుని ఎదురొచ్చినా. చీకట్లో నేనని ఆయనకేం తెలుసు? కొఠారు కాడ దీపం కనబడింది… ఈడ దెయ్యముందని చిన్నప్పటినించీ విన్నదే గదా. పేరు పెట్టి పిలిచినా. ఇంకా తొక్కినాడు. నా పక్కనించే పొయినాడబ్బయా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్నించి."

సంచి తీసి ముత్యాలయ్య దిగాడు. ఆమె కాళ్ల వైపు చూశాడు, మొహం వైపు చూశాడు, తల దించుకున్నాడు.

ఆదిశేషమ్మ బండి పక్కకు వచ్చింది. తడిచేత్తో తలుపు తడిమింది, కొబ్బరితాడు తడిమింది, గుర్తుపట్టలేనట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత అటు తిరిగి వచ్చి, పరంజ్యోతి వైపు కిటికీ దగ్గర ఆగి, ఇత్తడి బూర అంచున సొట్ట మీద బొటనవేలు పెట్టింది. వేలు అందులో సరిగ్గా అమరింది.

"ఎడ్లబండి చక్రాలు ఈ గాడుల్లో దిగవు. లారీలకు ఇవి చాలవు," అంది. "ఇవి ఒక్క బండి ఏసిన గాడులు. నువ్వు పల్లెలో మోగిస్తావే… ఆ కూత వింటే నా కాళ్లు ఇంట్లో నిలవ్వు."

షెడ్డువాడు చెప్పిన నీళ్లు ఏ నీళ్లో పరంజ్యోతికి అప్పుడు తెలిసింది. బండికి పట్టిన దెయ్యం ఏదీ లేదు. అది తన పాత గాడిలో తను నడిచింది, అంతే.

"ఒక్కసారి మోగించబ్బయా," అంది ఆమె. "దగ్గర్నించి వింటా."

పరంజ్యోతి రబ్బరు బుడ్డి పిసికాడు. ఆ బొంగురు పిలుపు కాలువ మీదుగా పోయి, కొఠారు గోడలకు తగిలి, ఇంకెవరో బదులు పలికినట్టు వెనక్కి వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని వింది. లాంతరు ఊగడం ఆగిపోయింది.

ఆదివారం కుర్రాడు వచ్చాడు. పరంజ్యోతి బండి అమ్మనన్నాడు. ఎస్తేరమ్మ సంగతంతా విని, లేచి పొయ్యి దగ్గరకు పోయింది. ఆదిశేషమ్మకని అన్నం మూటకట్టి ఇచ్చింది.

క్రీస్తురాజూ, పరంజ్యోతీ కలిసి ఆ గాడులు మట్టితో పూడ్చి, సరుగుడు గుంజలు అడ్డం పాతారు. గుంజలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. తొలి వానకే గాడులు మళ్లీ తేలాయి. అప్పటినుంచి పరంజ్యోతి ఆ మలుపులో రెండు లైట్లూ వేసుకుని, బూర నొక్కుతూ కుడికి తిరిగేవాడు. ఎడమపక్క దీపం ఒక్కసారి పైకి లేచి దిగేది. పల్లెలో అందరికీ చెప్పాడు. ముత్యాలయ్య చర్చి మెట్ల మీద నిలబడి ఒట్టుపెట్టి చెప్పాడు. అందరూ విన్నారు.

విని, కొత్తగా వచ్చే డ్రైవర్లకు పాఠం ఇంకొంచెం పెంచి నేర్పుతున్నారు.

ఉప్పు కొఠారు దగ్గర లైట్లార్పాలి. ఎడమవైపు చూడకూడదు. దీపం లేస్తుంది, బూర మోగుతుంది… ఆ బూర వినబడిందా, ఇంకా గట్టిగా తొక్కాలి.