ప్రియాంక ఇచ్చిన కిడ్నీ

ఆదివారం సాయంత్రం. మణికొండలో వాన. నేను వంటగదిలో పకోడీలు వేస్తున్నాను. మావారు నరేందర్ సోఫాలో కూర్చుని బీపీ చూసుకుంటున్నారు.

నేను ఆయనకు రెండో భార్యను. ఆయన ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీ మొదటి భార్య ప్రియాంకది. మిగిలిన ఒక్క కిడ్నీయే ఇక రెండింటి పని చేయాలి, దానిలోకి రక్తం ఎక్కువ పారుతుంది, బీపీ పెరగొచ్చు, తరచూ చూపించుకోమని డాక్టర్లు ఆమెకు చెప్పే పంపారట. కొన్నాళ్లకు ఆమెకు తలనొప్పులు మొదలయ్యాయి. దవాఖానకు తీసుకెళ్లమన్నప్పుడల్లా ఈయన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా, "ఏంది నీ డ్రామా? గోలి ఏసుకొని పండుకో" అనేవారట. ఒకరోజు మెదడులో నరం చిట్లి ఆమె చనిపోయింది. పెళ్లయ్యాక పక్కింటి శారదమ్మగారు చెబితే తెలిసింది నాకు.

కరెంటు పోయింది. స్టవ్ ఆపేశాను. పకోడీల వాసన మీదుగా ఎక్కణ్నుంచో స్పిరిట్ వాసన వచ్చింది...

"యశస్వినీ... జర ఇటు రా."

ఫోన్ లైటు వేసుకుని వెళ్లాను. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. చేతికి కట్టిన పట్టీ బిగుస్తోంది. మెషీన్ ఆపాను. ట్యూబు పీకేశాను. అయినా బిగుస్తూనే ఉంది...

"తల పగుల్తున్నది... దవాఖానకు పోదాం..."

అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే వినిపించింది. దడ్... దడ్... దడ్...

గుండె కాదు. పొత్తికడుపు కుడివైపు నుంచి. ప్రియాంక కిడ్నీ పెట్టిన చోటు నుంచి. చెయ్యి వేశాను. కాలిపోతోంది. చర్మం కింద ఏదో... మెల్లగా పక్కకు తిరిగింది.

లోపల్నుంచి ఆడగొంతు.

"ఏంది నీ డ్రామా..."

ఆయన రెండు చేతులూ జోడించారు. "ప్రియా... మాఫ్ చెయ్యి... నీ కాళ్లు మొక్కుత..."

"గోలి ఏసుకొని... పండుకో."

ముక్కులోంచి రక్తం కారింది. కళ్లు ఎర్రబడ్డాయి. ఆయన్ను గట్టిగా పట్టుకున్నాను. గొంతు మళ్లీ వినిపించింది, ఈసారి మెత్తగా, నాతో.

"నువ్వు జరుగు, చెల్లె."

కరెంటు వచ్చేసరికి ఆయన లేరు.

మర్నాడు పోస్ట్‌మార్టం చేసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మెదడులో నరం చిట్లిందమ్మా. కానీ... కిడ్నీ మార్పిడి అయిందన్నారు కదా? పొట్ట మీద కుట్ల గుర్తే లేదు. లోపల కిడ్నీ పెట్టారన్న చోటు ఖాళీ."

చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఒళ్లంతా మంచులా ఉంది. అక్కడ మాత్రం... ఇంకా వేడిగానే ఉంది."