కాటా దగ్గర పడిపోయే ముల్లు

ఆ ఎత్తు మీద, మూతపడ్డ కాటా దగ్గర, చీకటి పడ్డాక ఏ డ్రైవరూ బండి ఆపడు. ఒంటికొచ్చినా బిగబట్టుకుంటాడు గానీ బండి మాత్రం ఆపడు.

ఒకప్పుడు లారీలు తూచిన కాటా అది. ఇప్పుడు తూకం పలక తుప్పు పట్టిపోయింది. పక్కనున్న గదికి తలుపు లేదు, కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి ఒక మనిషి రోడ్డుకేసి చూస్తుంటాడని చెప్పుకుంటారు. ఎనిమిదేళ్ల కిందట ఒక డ్రైవరు బండి అక్కడే ఆగిపోయింది. ఏమైందో చూద్దామని కిందికి దూరాడు. బండి వెనక్కి జారింది... పొద్దున్నే చూసినవాళ్లకి రెండు రోజులు ముద్ద దిగలేదట.

అప్పట్నుంచి ఆ చోటికి రాగానే, డాష్‌బోర్డు మీద డీజిల్ ప్రెషర్ చూపించే గేజిలో ముల్లు దానంతటదే పడిపోతుంది. ముందు వణుకుతుంది, తర్వాత మెల్లగా సున్నా మీదికి ఒరిగిపోతుంది. చచ్చిపోయినవాడు వేలు పెట్టి నొక్కుతున్నాడని డ్రైవర్ల మాట.

నేను మెకానిక్‌ని. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మనుషుల మీద అసలే లేదు. ఇది మా బావకి, అంటే మా అక్క మొగుడికి, జరిగింది. ఆయన నాతో ఎలా చెప్పాడో అలాగే చెబుతున్నాను.

బావ నడిపే లారీ, నేను పనిచేసే షెడ్డు... రెండూ ఒకే యజమానివి. ఆ నెలలోనే బావని కాటా దారికి వేశారు, మూడుసార్లు అక్కడ ముల్లు పడింది. మూడుసార్లూ బావ బండి వెనక్కి తిప్పి, చుట్టుదారిన వెళ్లాడు. మూడు లోడ్లూ ఆలస్యం.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే తాళం చెవి బల్ల మీద పెట్టి పో" అన్నాడు యజమాని. అరవడం ఆయనకి అలవాటు లేదు. టీ ఊదుకుంటూ అన్నాడు.

బావకి యాభై దగ్గర పడుతోంది. రాత్రిళ్లు ఎదుటి బండి లైటు పడితే కళ్లు చికిలిస్తున్నాడు. ఈ బండి పోతే ఇంకో బండి ఎవడూ ఇవ్వడు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకీ తెలుసు. నాకు అన్నం వడ్డిస్తూ అక్క ఒకే మాట అంది... "ఆ గేజి సంగతేదో చూడరా."

చూశాను. గేజి మార్చాను. ఇంజను దగ్గర్నుంచి గేజికి కబురు పంపే సెన్సారు మార్చాను. ఎర్తు తీగ విప్పి, తుప్పు గీకి బిగించాను. షెడ్డులో గంటసేపు ఇంజను ఆన్‌లో ఉంచితే ముల్లు రాయిలా నిలబడింది. ఆ రాత్రి కాటా దగ్గర మళ్లీ పడింది. బావ ఈసారి వెనక్కి తిప్పలేదు, దడతో అలాగే లాగించాడు. బండి చచ్చీ చెడీ ఎత్తెక్కింది.

మా షెడ్డు మేస్త్రిని అడిగాను. పాతికేళ్లుగా డీజిల్‌లో చేతులు నానిన మనిషి. నా వంక చూడకుండా, "గేజి మార్చావుగా, ఊరుకో" అన్నాడు.

నేను ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం బండి బయల్దేరే ముందు చేతి గేజి ఒకటి తెచ్చి, ఫిల్టరు దగ్గర బిగించాను. పొడుగు గొట్టం వేసి, గేజిని ముందు అద్దానికి బయటివైపు కట్టేశాను.

"రెండెందుకురా?" అన్నాడు బావ.

"దీనికి తీగ లేదు, కరెంటు లేదు బావా. డీజిల్ నెడితేనే దీని ముల్లు లేస్తుంది. లోపలి ముల్లు పడి ఇది నిలబడిందనుకో, తీగల్లో తప్పు. హాయిగా పో. రెండూ పడ్డాయనుకో... నిజంగానే డీజిల్ అందడం లేదు."

"అప్పుడేం చెయ్యను?"

"ట్యాంకు మూత తీసి చూడు."

బావ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఎందుకంటే మా యార్డులో ఒక పద్ధతుంది. సాయంత్రం ట్యాంకు నింపగానే మూతకి తాళం వేసి, మూత మొత్తం కప్పేలా ఎర్రటి లక్క కరిగించి పోసి, యజమాని ముద్ర కొడతారు. లోడు దించిన చోట ఆయన మనిషే దాన్ని పగలగొట్టాలి. దారిలో పగిలిందా... డ్రైవరు డీజిల్ అమ్ముకున్నట్టే లెక్క. మాటా మంతీ ఉండదు, దొంగ అని పంపించేస్తారు.

"నీ చేతి గేజి నువ్వే ఉంచుకోరాదూ" అన్నాడు బావ. కానీ విప్పమనలేదు.

ఆ దారి పేరు చెప్పగానే క్లీనరు కడుపునొప్పి అన్నాడు. బావ ఒక్కడే బయల్దేరాడు.

రెండు గంటలు ఏమీ లేదు. రెండు ముళ్లూ నిలబడే ఉన్నాయి. ఎత్తు మొదలైంది. గేరు తగ్గించాడు. లైటు వెలుగులో కాటా గది గోడ తెల్లగా కనిపించింది...

లోపలి ముల్లు వణికింది.

బావ కళ్లు అద్దం బయటికి వెళ్లాయి. బయటి ముల్లు కూడా వణుకుతోంది.

రెండూ కలిసి, ఒకేసారి, సున్నాకి ఒరిగిపోయాయి. ఇంజను రెండు దగ్గులు దగ్గింది. ఆగిపోయింది... సరిగ్గా ఆ కిటికీ ఎదురుగా.

ఏ చప్పుడూ లేదు. తన ఊపిరి తనకే వినపడుతోంది. అప్పుడు క్యాబిన్ వెనక నుంచి...

డబ్.

కాసేపు ఆగి... డబ్.

రేకు మీద అరచేత్తో కొట్టినట్టు. బావకి ఒళ్లంతా చెమట పట్టింది. దిగకుండా తెల్లారేదాకా కూర్చుందామనుకున్నాడు. తెల్లారితే లోడు ఆలస్యం, తాళం చెవి బల్ల మీద. దిగితే... ఇంతకుముందు దిగినవాడు ఏమయ్యాడో తెలుసు.

"మీ అక్క గుర్తొచ్చింది రా" అన్నాడు నాతో. "దిగాను."

కిటికీ వైపు చూడలేదట. రెండు పెద్ద రాళ్లు వెతికి తెచ్చి వెనక చక్రాల కింద తోశాడు. టార్చి నోట కరుచుకుని ట్యాంకు దగ్గరికెళ్లాడు. ఎర్రటి లక్క మీద ముద్ర మెరుస్తోంది. చేతిలో పానా ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డాడో ఆయనకే తెలీదు. ఇరవై రెండేళ్లుగా ఎవరూ తనని దొంగ అనలేదు.

కొట్టాడు. లక్క పెచ్చులుగా ఊడింది. రెండో దెబ్బకి తాళం విరిగింది. మూత తిప్పాడు...

హూ......ఫ్.

ఎవరో గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టు, పొడుగ్గా, చాలాసేపు. బావ ఎగిరి నేల మీద పడ్డాడు. చేతిలో మూత చేతిలోనే ఉంది. దగ్గర్లో మనిషి లేడు. ఊపిరి పీల్చింది ట్యాంకు.

కాసేపటికి ధైర్యం తెచ్చుకుని, ఫిల్టరు దగ్గర చేతి పంపు కొట్టి, క్యాబిన్ ఎక్కి తాళం చెవి తిప్పాడు. ఇంజను అందుకుంది. రెండు ముళ్లూ లేచి నిలబడ్డాయి. ఆ ఎత్తు ఎక్కేదాకా వణకలేదు. లోడు వేళకి చేరింది.

పొద్దున బావ ఆ మూత నా చేతిలో పెట్టాడు. తిప్పి చూశాను, ఒక పక్క లక్క పెచ్చు ఇంకా అంటుకునే ఉంది. ప్రతి ట్యాంకు మూతకీ ఒక సన్నటి కన్నం ఉంటుంది, సూది మొన అంత. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ అందులోంచి లోపలికి గాలి వెళ్లాలి. పోసిన లక్క ఆ కన్నాన్ని మూసేసింది. రెండు గంటలు నడిచేసరికి ట్యాంకులో గాలి పలచబడుతుంది, రేకు లోపలికి పీక్కుపోయి డబ్ మంటుంది, పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. మా డ్రైవర్లందరూ ఒకే యార్డులో నింపుకుని, ఒకే వేళకి బయల్దేరి, ఇంజనుకి డీజిల్ ఎక్కువ కావాల్సిన అదే ఎత్తు ఎక్కుతారు. అందుకే అందరికీ అక్కడే. షెడ్డుకొచ్చేసరికి లక్క ఉండదు కాబట్టి మాకెప్పుడూ దొరకలేదు. ఆ చచ్చిపోయిన డ్రైవరూ మా యార్డువాడే, లక్క ముట్టుకోవడానికి భయపడి, బండి కింద లీకు వెతుక్కున్నాడు.

మూత పట్టుకుని యజమాని గదికి పరుగెత్తాను. బావ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. తాళం చెవి బల్ల మీద ఉంది.

మొత్తం చెప్పాను. కన్నం చూపించాను. ఆయన మూత తీసుకుని ఒకసారి తిప్పి, కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు.

"తెలుసు" అన్నాడు. "ఆ డ్రైవరు పోయిన నెలకే మీ మేస్త్రి చెప్పాడు."

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

"లక్క వేసినా డ్రైవర్లు కిందినుంచి గొట్టం విప్పి, ఆ కాటా దగ్గరే డీజిల్ అమ్మేవాళ్లు. ఎంతమందిని కాపలా పెట్టను? ఇప్పుడు చూడు... ఆ ముల్లు పడటం చూసి ఎనిమిదేళ్లుగా అక్కడ ఒక్కడూ బండి ఆపడు." టీ ఊదుకున్నాడు. "ఆ కిటికీలో మనిషి ఉంటాడని మొదట చెప్పింది ఎవరనుకున్నావు? నేనే."

బావ నా వంక చూశాడు. నేను ఏదో ఒకటి అంటానని చూశాడు.

"షెడ్డుకి పో" అన్నాడు యజమాని నాతో. "రెండు బండ్లు వచ్చి ఉన్నాయి. గేజీలు పనిచెయ్యడం లేదట."

సాయంత్రం అక్క షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ బావని మీ యజమాని దొంగ అన్నాడటగా. నువ్వు అక్కడే ఉన్నావట. ఏమన్నావురా?"

నా చేతిలో కొత్త గేజి ఉంది. దాన్ని బిగిస్తూ, తల ఎత్తకుండా, "ఏమీ అనలేదక్కా" అన్నాను.