శెనక్కాయల మిల్లులో బాంబరు

సోమందేపల్లి దాటి పెనుకొండ వైపు పోతుంటే రోడ్డు పక్కన మూతబడిన శెనక్కాయల మిల్లు ఒకటి కనబడుతుంది. పగలైతే జనం ఆగి ఫొటోలు దిగుతారు. పొద్దు గూకితే మాత్రం ఆటోవాళ్ళు కూడా పక్కకు చూడకుండా పోతారు. ఆ మిల్లు షెడ్డులో యుద్ధకాలం నాటి బాంబరు విమానం ఉంది. దాని తోకలో ఎవరో ఉన్నారు... లోపల్నుంచి తడతారు... అని పేరు.

దెయ్యాలంటే నాకు నవ్వు. మా వైపు కరెంటు పోతే చాలు, నలుగురికైనా దెయ్యం కనబడుతుంది. కానీ ఈ సంగతి విన్నాక నవ్వు రాలేదు. విన్నది విన్నట్టే చెప్తాను.

బెంగళూరులో తుక్కు కింద పోతున్న ఆ విమానాన్ని ఇక్కడికి తెచ్చినవాడు దేవేంద్ర. ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. దాన్ని బాగుచేసి మన పిల్లలకు చూపిద్దామన్నాడు. హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి ఆదివారాలు జనం వచ్చి పైసా అడక్కుండా పనిచేసేవారు. వాళ్ళలో దేవేంద్రకు కుడిభుజం లక్ష్మన్న. హిందూపురంలో రేకు పెట్టెలు చేసే మనిషి. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టుండేది.

విమానానికి రేకు బిగించాలంటే ఇద్దరు కావాలి. బయట ఒకడు రివెట్టు మేకును గన్నుతో కొడతాడు. లోపల ఒకడు దాని వెనక ఇనుప దిమ్మె అదిమి పట్టుకుంటాడు. ఆ మోతలో మాట వినబడదు. అందుకని లోపలివాడు దిమ్మెతో రేకు మీద తడతాడు. ఒకసారి తడితే ఇంకో దెబ్బ వెయ్యమని. రెండుసార్లయితే చాలని. ఆగకుండా తడితే — తలుపు తియ్యమని. తోకకున్న తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది.

లక్ష్మన్నకు ఇది ఎంత అలవాటైందంటే, ఇంట్లో నీళ్ళు పోసుకుంటూ కూడా రేకు తలుపు మీద తట్టేవాడు. రెండు తడితే వేన్నీళ్ళు చాలని. భార్య చౌడమ్మ నవ్వేది.

మూడేళ్ళ కింద, నడి ఎండాకాలంలో, లక్ష్మన్న ఎండకు కాగిన ఆ తోకలోనే ఉడికి చనిపోయాడు. తాగి, ఎవరికీ చెప్పకుండా లోపల దూరి పడుకున్నాడని, తెలియక గొళ్ళెం వేశామని దేవేంద్ర చెప్పాడు. స్నేహితుడే చెప్పాక నమ్మక ఏం చేస్తారు? చౌడమ్మ ఒక్కతే నమ్మలేదు. ఆయన చుక్క ముట్టేవాడు కాదని గడపగడపకూ చెప్పుకుంది. తాగుబోతు పెండ్లాం అన్న పేరు మాత్రం పోలేదు.

ఆ తర్వాత రెండేళ్ళయినా తోకలోకి దూరడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒక్క రేకు మిగిలిపోయింది. తెల్లారితే ప్రారంభోత్సవం అనగా ఆ రాత్రి దేవేంద్ర ఒక్కడే మిల్లుకు వెళ్ళాడు. లోపల మనిషి అక్కర్లేని రకం రివెట్లు కొని తెచ్చుకున్నాడు.

షెడ్డులో ఒక్కటే బల్బు. దాని వెలుగు తోక దాకా సరిగ్గా రాదు. రేకు ఆనించి మొదటి రివెట్టు బిగించాడు.

టక్.

లోపల్నుంచి... ఒక్కసారి.

ఎండకు కాగిన రేకు రాత్రి చల్లబడేటప్పుడు అలా చప్పుడు చేస్తుందని అతనికి తెలుసు. ఇంకోటి బిగించాడు. మళ్ళీ... టక్. ఇంకో దెబ్బ వెయ్యమని. ఆ రివెట్టునే ఇంకా గట్టిగా బిగించి, రేకుకు చెవి ఆనించాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత — టక్, టక్.

చాలని.

ఎవరని అడగబోయాడు. అప్పుడు మొదలైంది. టకటకా... టకటకా... ఆగకుండా...

దేవేంద్రకు పై ప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు.

"వినపడింది లక్ష్మన్నా," అన్నాడు గుసగుసగా. "ఆ పొద్దు గూడా వినపడింది... కార్లల్లో పెద్దోళ్ళు దిగినారు. వాళ్ళను పంపిచ్చినాక తీద్దామనుకున్యా. ఇంతలోకే ఇట్లయితాదని అనుకోలేదు. నువ్వు తాగలేదు... నేనే అట్ల చెప్పినా. చెప్పకుంటే నేను జైలుకు పోవాల."

తట్టడం ఆగిపోయింది.

లోపలి చీకట్లోంచి గొంతు వచ్చింది. ఆడమనిషి గొంతు.

"రెండేండ్లనుంచి మా ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్యావు కదా దేవేంద్రా. ముద్ద ఎట్ల దిగింది?"

చౌడమ్మ. తోకలో చప్పుడవుతుందని జనం అనే మాట పట్టుకుని, మొగుడి జాడ ఒక్కసారైనా తెలుస్తుందేమోనని, రోజూ చీకటి పడగానే మిల్లు వెనక గోడ సందులోంచి వచ్చి, తోకలోకి దూరి, గొళ్ళెం పడకుండా తలుపు దగ్గరగా లాక్కుని కూర్చునేది. ఆయన దిమ్మె ఇంకా ఆ మూలే పడి ఉంది. ఆ పొద్దు ఆయన తలుపు తియ్యమని తట్టాడా లేదా అన్నదొక్కటే ఆమెకు తెలియాలి. తెలిసింది.

దెయ్యం కాదు, మనిషే అని తేలేసరికి దేవేంద్రకు ప్రాణం లేచొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తలుపు తీసి, వదినా అంటూ చేయి అందించి కిందికి దింపాడు, నీళ్ళ సీసా ఇచ్చాడు. ఇందాక చెప్పిన మాటే రేపు నలుగురిలో చెప్పమని ఆమె అడిగింది.

"యా మాట వదినా?" అన్నాడు. "నేనేమీ అన్లేదే."

చచ్చినవాడికి భయపడి కక్కిన నిజాన్ని బతికున్న మనిషి ముందు మింగేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ ఇలాంటివాణ్ణి నేను చూడలేదు. బండి మీద ఇంటికాడ దింపుతానన్నాడట. సభలో లక్ష్మన్న ఫొటోకు దండ వేయిస్తానన్నాడట. వేయించాడు కూడా.

చౌడమ్మ జరిగింది జరిగినట్టు వీధిలో చెప్పింది. పాపం, మొగుడు పోయినకాడినుంచి మతి సరిగా లేదన్నారు. కొన్నాళ్ళు చూసింది. తర్వాత మాట మార్చింది. తోకలో తట్టింది నా మొగుడే, దేవేంద్ర ఒప్పుకుంది ఆయన దెయ్యం ముందరే అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట ధర్మవరం దాకా పోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఇప్పుడు ఎవరినడిగినా లక్ష్మన్న తాగి చావలేదనే చెప్తారు. దేవేంద్ర వస్తే టీ అంగట్లో మాటలు ఆగిపోతాయి.

ఇదంతా నాకు చెప్పింది ఆమే. నేను లేవబోతుంటే చేయి పట్టుకుని ఆపింది.

"రాసేటప్పుడు ఆడ నేనుంటినని రాయొద్దప్పా," అంది మెల్లగా. "దెయ్యమనే రాయి. నేను చెప్తే ఎవురూ నమ్మరు."

సరేనన్నాను.