చెట్టు తరపు మాట

కుందుర్పికి నీళ్ల ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వస్తుంది. వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలమంటే అట్లాంటిది మరి. అయినా హేమావతి తన పెంపకాలు మానలేదు. పాత నూనెడబ్బాల్లో తులసి, కలబంద, రెండు మల్లెతీగలు. వంటింటి మూల గోనెపట్ట మీద ఈనిన పిల్లి, దాని మూడు కూనలు. బియ్యం కడిగిన నీళ్లు డబ్బాలకు, స్నానం చేసిన నీళ్లు పెరట్లో జామచెట్టుకు. చెట్టు వయసు ఐదేళ్లు. ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు.

"తాగేదానికి ముందుంటాది, కాసేదానికి వెనకుంటాది," అని అత్త ఆంజినమ్మ దాన్ని రోజూ తిట్టేది. ఆ తిట్టు చెట్టుకు తగిలేదో లేదో గానీ హేమావతికి మాత్రం గుచ్చుకునేది. మూడు కాన్పులు నెలలు నిండకుండానే పోయినాక, ఇప్పుడు నాలుగోది నిలిచింది. ఏడో నెల. ఈ బిడ్డ ఒక్కటి దక్కితే చాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

ఆ పక్క పల్లెల్లో ఒక అలవాటుంది. కాయని చెట్టును బెదిరిస్తారు. ఒకరు గొడ్డలెత్తి "కాస్తావా, కొట్టేద్దునా?" అని మూడుసార్లు అడగాలి. ఇంకొకరు చెట్టు వెనక నిలబడి, చెట్టు తరపున "కొట్టొద్దు, కాస్తా" అని బతిమాలుకోవాలి. పిల్లల్ని కన్న ఆడమనిషి పలికితే మంచిదంటారు. అందుకే అడిగేది హేమావతి మొగుడు ఓబులేష్, పలికేది ఆంజినమ్మ అని అనుకున్నారు. కడుపుతో ఉన్నామె దగ్గరికి పోకూడదు గనుక హేమావతి వెనక గడప మీద కూర్చుంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాకి కూడా అరవడం లేదు. ఓబులేష్ గొడ్డలెత్తినాడు.

"కాస్తావా, కొట్టేద్దునా?"

"కొట్టొద్దు నాయనా, కాస్తా." చెట్టు వెనకనుంచి సన్నగా వచ్చింది.

రెండోసారీ అంతే. మూడోసారి ఆ గొంతు ఇంకో మాట కలిపింది.

"కాస్తే నాకేమిస్తావు?"

అమ్మ పరాచికాలాడుతోందనుకుని ఓబులేష్ నవ్వినాడు. "ఏం కావాల్నో అడుగు, ఇస్తాలే."

"మాట తప్పవు గదా?"

"తప్పను పో."

అతను గొడ్డలి దించి మొహం తుడుచుకుంటుంటే వీధి తలుపు చప్పుడైంది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో ఆంజినమ్మ లోపలికొచ్చింది. "ట్యాంకరొచ్చిందంటే చెప్పకుండానే ఉరికినా. ఉండు, బిందెలు దించి చెట్టెనక నిలబడతా."

ఓబులేష్ మెల్లగా చెట్టు వెనక్కి పోయి చూసినాడు. చెట్టుకూ గోడకూ మధ్య ఎవరూ లేరు. నేల మాత్రం తడిగా ఉంది...

ఆ సాయంత్రమే పిల్లి తన కూనల్ని ఒక్కొక్కదాన్నీ మెడ కరుచుకుని గోడ దాటించింది. మళ్లీ రాలేదు.

మూడో రోజు చెట్టు పూసింది. ఇరవై రోజులకు కాయలతో కొమ్మలు వంగినాయి. ఊరంతా వచ్చి ముక్కున వేలేసుకుంది. కానీ డబ్బాల్లో తులసి ఎండింది, మల్లె ఎండింది, మొండిదనుకున్న కలబంద కూడా వడిలిపోయింది. జామచెట్టు మొదలు మాత్రం ఎప్పుడు చూసినా తడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా, రాత్రిళ్లు బిందెల్లో నీళ్లు చెట్టుకు పోస్తోందని హేమావతికి అత్త మీద అనుమానమొచ్చింది. బిందెల లోపల బొగ్గుతో గీతలు గీసి పెట్టింది. తెల్లారి చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. చెట్టు మొదలు తడిగానే ఉంది.

ఆ తర్వాత అనుమానం మొగుడి మీదికి మళ్లింది. పొద్దు గూకేవేళకు అతను చెట్టు దగ్గర నిలబడి ఏదో గొణుగుతున్నాడు.

"ఎవరితో మాట్లాడతాండావు?"

"ఎవరితో మాట్లాడతా... ఊరికే నిలబడినా."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేదు. మొగుడంటే ఆమెకు మొదటిసారి భయమేసింది.

ఒక రోజు తెల్లారి లేచేసరికి కడుపులో కదలిక లేదు. ముందురోజు సాయంత్రం నుంచీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. "నిద్రపోతాంటాదిలే, ఇంత మజ్జిగ తాగు," అంది ఆంజినమ్మ. తాగింది. ఎడమవైపు తిరిగి పడుకుంది. ఏమీ లేదు.

ఓబులేష్ పనికి పోకుండా వెనక గడప మీద కూర్చుని ఉన్నాడు. హేమావతి పోయి అతని ముందర నిలబడింది.

"అది అడిగిందా?"

తల ఊపినాడు. "నిన్న... అడిగింది." గొంతు గుసగుసలా ఉంది. "బిడ్డను ఇయ్యనన్నా హేమా. నీ మీద ఒట్టు. ఇయ్యనంటే ఇయ్యనన్నా."

"ఏమనింది?"

"ఆ రోజు ఇస్తానన్నావు గదా, అది చాలు... అనింది."

ఆమె గొడ్డలి కోసం చూడలేదు, ఏడవలేదు. నేరుగా చెట్టు దగ్గరికి నడిచింది. కుడిచేత్తో మాను పట్టుకుంది, ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. పండిన జామకాయల వాసన కమ్ముకుంది. ఒక్కసారి కదులు తల్లీ... ఒక్కసారి...

కదిలింది.

అరచేతి కింద చిన్న పాదం తన్నినట్టు. గట్టిగా. మళ్లీ ఒకసారి.

"కదిలింది," అంది హేమావతి. కళ్లనిండా నీళ్లు. ఆంజినమ్మ ఉరికొచ్చి కోడలి పొట్ట మీద రెండు చేతులూ ఆనించింది. చాలాసేపు అట్లే ఉంది.

"యాడమ్మా? నాకేమీ తెలీలేదే..."

బిడ్డ ఇంకా తంతోంది. మాను మీదున్న ఆమె కుడిచేతి కింద.